అత్తయ్యకి నచ్చిన బండి

టేపు మావయ్య శీర్షిక ఆదివారం అనుబంధంలో చివరి పేజీలో వచ్చేది. పైన ఒక బొమ్మ ఉండేది: లావుపాటి కళ్ళజోడు, గుబురు మీసం, దర్జీలా మెడలో వేలాడే కొలతల టేపు. నేను ఆ పత్రిక డెస్కులో చేరిన మొదటి వారం మీసం లేని ఒక బక్కపలచటి మనిషి వచ్చి, గీతల కాయితాలు నాలుగు నా చేతిలో పెట్టి, "కొత్తా? నా రాత కోడి కెలికినట్టుంటుంది. తెలియకపోతే అడుగు, ఊహించి రాయకు" అన్నాడు. ఆయనే టేపు మావయ్య అని నమ్మడానికి నాకు కాసేపు పట్టింది.

ఆయన చదువుకుని రచయిత అయినవాడు కాదు. పదహారో ఏట మెకానిక్ షెడ్డులో చేరి ఇరవై రెండేళ్ళు బళ్ళ కింద వెల్లకిలా పడుకుని బతికాడు. ఒకరోజు తిరుగుతున్న ఇంజను బెల్టులో కుడిచెయ్యి పడి రెండు వేళ్ళు సగానికి పోయాయి. ఆ చేత్తో పానా పడితే జారిపోయేది. షెడ్డు యజమాని వెళ్ళగొట్టలేదు. బల్ల దగ్గర కూర్చోబెట్టి, బళ్ళు తెచ్చినవాళ్ళతో మాట్లాడే పని ఇచ్చాడు. అప్పటి మా పెద్ద ఎడిటరు ఓసారి తన కారు అక్కడికి తీసుకెళ్ళి, ఎక్కుడు రోడ్డు వస్తే మొరాయిస్తోందని చెప్పుకున్నాడు. ఈయన ఆయన్ని పక్కనుంచుకుని ఓ చుట్టు తిప్పి తీసుకొచ్చి, "బండికేం రోగం లేదండీ. మీరు క్లచ్చి మీద కాలు పెట్టుకుని నిద్రపోతున్నారు" అన్నాడట. పెద్ద ఎడిటరు నొచ్చుకోలేదు. ఇలాంటి మాట నలుగురికీ చెప్పకూడదూ అన్నాడు. అలా మొదలైంది.

మొదట్లో ఆయన చెబుతూ ఉంటే ఎవరో రాసుకునేవారు. రెండేళ్ళకి బొటనవేలికీ సగం వేలికీ మధ్య పెన్ను ఇరికించుకుని తనే రాయడం నేర్చుకున్నాడు. నేను చేరేనాటికి శీర్షికకి పద్నాలుగేళ్ళు. నా పని ఆ కాయితాలు టైపు చెయ్యడం, అక్షరదోషాలు దిద్దడం.

కొత్త బండి మార్కెట్లోకి వస్తే షోరూమ్ వాళ్ళు రెండు రోజులు ఇచ్చేవారు. మొదటిరోజు ఆయన ఒక్కడే రద్దీలో, గతుకుల్లో, వానలో నడిపేవాడు. ఆ తర్వాత టేపు తీసేవాడు. డిక్కీ అంచు నేలకి ఎంతెత్తు, తలకీ కప్పుకీ మధ్య ఎన్ని వేళ్ళ జాగా, ముందు సీటు జరిపితే వెనకవాడి మోకాళ్ళు ఎక్కడికి పోవాలి, అన్నీ కొలిచేవాడు. కంపెనీ కాగితంలో ఉన్న కొలతకీ ఈయన కొలతకీ తేడా వస్తే పెద్ద ఎడిటరు కళ్ళు మూసుకుని ఈయనదే వేసేవాడు.

రెండో రోజు ఆయన భార్యది. ఆవిడ పరదాలు కుట్టే దుకాణంలో ముప్ఫయ్యేళ్ళు పనిచేసింది. బరువైన ఇస్త్రీపెట్టె తిప్పి తిప్పి కుడిభుజం బిగుసుకుపోయింది. చెయ్యి గడ్డం దాటి పైకి లేవదు. మోకాళ్ళ సంగతి అడగక్కర్లేదు. పాఠకులందరికీ ఆవిడ అత్తయ్యే. ఏ బండైనా సరే వెనక సీట్లో కూర్చుని ఊరంతా తిరిగేది. ముందు సీటు గురించి అమ్మేవాడు చెబుతాడు, వెనక సీటు గురించి మీ అత్తయ్యని అడగాలి అని ఆయన రాసేవాడు. ఆవిడ మాటలు పొట్టిగా ఉండేవి. గొప్పవాళ్ళు కొనే ఒక పెద్ద కారు గురించి, "కూర్చోబెట్టినట్టు లేదు, దాచిపెట్టినట్టుంది" అంది. ఇంకోదాని గురించి, తాగిన టీ కడుపులో మళ్ళీ నురగ కట్టిందని చెప్పింది. ఆయన చెప్పిన మైలేజీ లెక్కలు ఎవరికీ గుర్తుండేవి కావు గానీ అత్తయ్య మాటలు బస్సుల్లో కూడా వినపడేవి. ఆయన పేరుమీద రెండు ఉత్తరాలొస్తే ఆవిడ పేరుమీద పది వచ్చేవి. ఇల్లు కట్టుకునేవాడు మేస్త్రీని నమ్మినట్టు, కారు కొనేవాళ్ళు ఆ ఇద్దరినీ నమ్మేవారు.

పెద్ద ఎడిటరు రిటైరయ్యాక కొత్తాయన వచ్చాడు. చెడ్డవాడని చెప్పను. పత్రిక నడవాలన్న దిగులు ఆయనకి నిజంగానే ఉండేది. ప్రకటనలు తగ్గుతున్నాయి, మా డెస్కులోనే మూడు కుర్చీలు ఖాళీ అయ్యాయి. నాలుగో కుర్చీ నాదేమోనన్న భయం నాకుండేది. ఇది సాకు కాదు, ఉన్నమాట చెబుతున్నాను.

ఆ ఏడాదే ఆ చిన్న ఎస్‌యూవీ వచ్చింది. చిలకాకుపచ్చ రంగు, నల్లటి కప్పు, వెనక్కి వాలిన నడుము, కాటుక దిద్దిన కళ్ళలా సన్నటి దీపాలు. మావయ్య దాన్ని ఆఫీసు ముందు ఆపితే క్యాంటీనువాళ్ళతో సహా అందరం కిందికి దిగి చుట్టూ మూగాం.

ఆయనకి కూడా నచ్చింది. ఈ ముక్క చెప్పి తీరాలి. ఆ బండంటే ఆయనకి మొదట్నించీ గిట్టదని తర్వాత చాలామంది అనుకున్నారు. ఆయన రాసిన కాయితాలు ఇప్పటికీ నా దగ్గరున్నాయి. మొదటి పేజీ అంతా మెచ్చుకోలే. స్టీరింగు ఒక్క వేలికి లొంగుతుందని, ఎంత ఇరుకు సందులోనైనా ఒక్క తిప్పుకే మలుపు తిరుగుతుందని రాశాడు. ముందు సీటు సరిగ్గా కుర్చీ ఎత్తున ఉంది, కూర్చోవాలంటే వంగక్కర్లేదు, దిగాలంటే దూకక్కర్లేదు. బ్రేకు చెప్పిన మాట వింటుంది. పెట్రోలు మితంగా తాగుతుంది. గతుకుల్లో నడుముకి తెలియదు. ఇద్దరే ఉన్న కాపురానికి, ఊళ్ళో తిరగడానికి ఇంత ముచ్చటైన బండి తాను ఈమధ్య చూడలేదని రాశాడు.

రెండో పేజీ నించి పెన్ను ఒత్తి రాసినట్టు కాయితం వెనక గరుగ్గా తెలుస్తుంది. తొందరపెడితే ఇంజను మొత్తుకుంటుందే గానీ బండి అంగ వెయ్యదు. డిక్కీ అంచు నడుమెత్తున ఉంది, బరువు సంచీ ఎత్తి లోపలెయ్యాలంటే ఇంకో మనిషి కావాలి. వెనకద్దం పోస్టుకార్డంత. వెనక్కి పోవాలంటే కెమెరానే దిక్కు. బురద చిమ్మితే దానికీ కళ్ళు పోతాయి. ఇవన్నీ సర్దుకుపోవచ్చు, కానీ వెనక తలుపు సంగతి వేరు అన్నాడు. అందం కోసం దాని హ్యాండిల్ని తలుపు మధ్యలోంచి తీసేసి, పైన కిటికీ మూలన నల్లరంగులో కలిపేసి దాచారు. దూరంనించి చూస్తే రెండు తలుపుల కారులా సొగసుగా ఉంటుంది. అత్తయ్య పక్కన నిలబడి ఎక్కడుందీ అని వెతుక్కుంది. దొరికాక చెయ్యి అంత ఎత్తుకి లేవలేదు. ఆయనే తీశాడు. కప్పు వాలుగా ఉండటంతో తల బాగా వంచాలి, వంచితే కాలు ఎక్కడ పెడుతున్నదీ కనపడదు. తలుపు పైన వెడల్పు, కింద ఇరుకు. సీటుకీ తలుపు చట్రానికీ మధ్య పాదాన్ని పక్కకి తిప్పి లాక్కోవాలి. దిగేటప్పుడు ఆవిడ పాదం అక్కడే ఇరుక్కుంది. ఆయన భుజం దొరికింది కాబట్టి నిలబడింది.

అత్తయ్య ఏమందో కూడా రాశాడు: "బయటినించి చూస్తే మేడ. లోపలికొస్తే మెట్లకింది గది." చివర ఒకే ఒక్క వాక్యం, కింద గీత గీసి: ఇంట్లో ముసలివాళ్ళుంటే ఈ బండి కొనకండి.

నేను టైపు చేసి పంపాను. శుక్రవారం మధ్యాహ్నం కొత్త ఎడిటరు పిలిచాడు. ప్రకటనల మేనేజరు కూడా అక్కడే ఉన్నాడు. బల్లమీద ఆదివారం అనుబంధం నమూనా పరిచి ఉంది. మావయ్య శీర్షికకి ఎదురుగా నిండు పేజీలో అదే చిలకాకుపచ్చ బండి. ఎడిటరు చాలా నిదానంగా మాట్లాడాడు. అబద్ధం రాయమని ఎవరూ అనడంలేదనీ, ఉన్న నిజాల్లో కొన్ని చెప్పి కొన్ని వదిలెయ్యడం ప్రతి పత్రికా చేసే పనేననీ, ఆదివారం పొద్దున్నే పాఠకుడి నోట్లో చేదెందుకనీ అన్నాడు. రెండో పేజీ మొత్తం తీసెయ్యమన్నాడు. తీసేస్తే కింద ఖాళీ వస్తుందని నేను గొణిగాను. "అత్తయ్యది ఏదో సరదా మాట వెయ్యి, నీకు అలవాటే కదా ఆవిడ ధోరణి" అన్నాడు.

నాకు అలవాటే. పదేళ్ళుగా ఆవిడ మాటలు టైపు చేస్తున్నవాణ్ణి. పది నిమిషాలు కూడా పట్టలేదు. అత్తయ్య వెనక సీట్లో కూర్చుని, 'ఏమండీ, ఈ బండి నాకు తెగ నచ్చింది, నేనింక దిగను' అంది, అని రాశాను. ఎడిటరు చదివి నవ్వాడు. ఆ క్షణంలో నాకు కాస్త గర్వంగా కూడా అనిపించింది.

సోమవారం మావయ్య వచ్చాడు. అరవలేదు. పత్రిక మడిచి నా బల్లమీద పెట్టి, ఆ వాక్యం మీద సగం వేలు ఉంచి, ఇది ఎవరు రాశారని అడిగాడు. నేను నీళ్ళు నమిలి, నేనే మావయ్యా అన్నాను. తిన్నగా ఎడిటరు గదిలోకి వెళ్ళాడు. పావుగంటకి బయటికొచ్చాడు. వచ్చేవారం చిన్న సవరణ వేస్తామన్నారని నాకు చెప్పి వెళ్ళిపోయాడు. వచ్చేవారం వెయ్యలేదు. ఇంకో వారం అడిగాడు. ఆ పైవారం అడగలేదు.

ఎందుకు ఊరుకున్నావని చాలాకాలం తర్వాత నేను అడిగితే, దాచుకోకుండా చెప్పాడు. షెడ్డులో ఉన్నన్నాళ్ళూ ఆయన్ని ఎవరూ మనిషి లెక్కన చూడలేదట, ఏయ్ అంటే ఆయనే. శీర్షిక వచ్చాక బార్బరు దగ్గర కూడా కుర్చీ ఖాళీ చేసేవారు, డాక్టరు ముందు తన కారు సంగతి అడిగి తర్వాత ఈయన జబ్బు సంగతి అడిగేవాడు. అది పోతుందేమోనని భయపడ్డాను అన్నాడు.

అత్తయ్య ఆదివారం రోజే చదివింది. నేనెప్పుడన్నానండీ ఈ మాట అని అడిగింది. పత్రికలో అన్నీ మన చేతుల్లో ఉండవు, వదిలెయ్యి అని ఈయన సర్దిచెప్పబోయాడు. ఆవిడ గొడవ పెట్టుకోలేదు. "నా నోట్లో మాట పెట్టేముందు నా నోరు నాకుందని గుర్తుండాలి కదా" అంది, అంతే. ఆ తర్వాత వచ్చిన బళ్ళలో కూర్చుంది గానీ, ఎలా ఉందంటే బాగానే ఉందనేది. ఆయన ఎంత అడిగినా అంతకు మించి ఒక్క మాట రాలేదు.

ఆవిడకి ఒక తమ్ముడున్నాడు, కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పనివాడు. రెండు గంటల ప్రయాణం దూరంలో ఉన్న ఊళ్ళో కాపురం. వాళ్ళమ్మ, అంటే మావయ్యకి అత్తగారు, ఆ తమ్ముడి దగ్గరే ఉండేది. పెద్దావిడకి మూత్రపిండాలు చెడి, వారానికి మూడుసార్లు డయాలిసిస్‌కి తీసుకెళ్ళాల్సి వచ్చేది. బస్సుల్లో, ఆటోల్లో తిప్పలేక ఒక బండి కొనాలని అతనికి ఎన్నాళ్ళుగానో ఉంది. అక్కకి చెప్పకుండా కొని, అమ్మని అందులో కూర్చోబెట్టి తీసుకొచ్చి గుమ్మం ముందు ఆపాలని ముచ్చటపడ్డాడు. అందుకని అక్క లేని వేళ చూసి బావకి ఫోను చేశాడు.

అతను సూటిగా అడగలేదు. ఫలానా బండి గురించి నువ్వు రాసింది చదివాను బావా, అక్కకి అంత నచ్చిందా, నిజంగా బావుంటుందా అన్నాడు. కొంటున్నానని గానీ, అమ్మ కోసమని గానీ చెప్పలేదు. మావయ్య గొంతుదాకా వచ్చిందట, అది నేను రాసింది కాదురా అని. పేరు తనదే, బొమ్మ తనదే, మాట మాత్రం తనది కాదని బావమరిదికి ఎలా చెప్పుకోవడం? ఆ ఇంట్లో ఆయనకున్న గౌరవమంతా ఆ శీర్షికే. మింగలేక కక్కలేక, "చదివావు కదా" అన్నాడు.

ఊరికే కబుర్లకి అడిగాడనుకున్నానని నాతో అన్నాడు. వెంటనే తల అడ్డంగా ఊపి, లేదులే, అలా అనుకోవాలని అనుకున్నాను అని దిద్దుకున్నాడు.

మూడు వారాల తర్వాత ఆ చిలకాకుపచ్చ బండి వాళ్ళ గుమ్మం ముందు ఆగింది. అత్తయ్య తలుపు తీసి బయటికొచ్చి, బండిని చూసి, లోపల తల్లిని చూసి, భర్త వంక తిరిగింది. తమ్ముడు ఒకటే సంబరం, "నీకు నచ్చిన బండే అక్కా" అంటున్నాడు. ఆవిడ నవ్వింది. ఆ నవ్వుని బతికున్నంతకాలం మర్చిపోనని మావయ్య అన్నాడు. అక్కా తమ్ముడూ కలిసి పెద్దావిణ్ణి జాగ్రత్తగా దించారు. పాదం తిప్పమ్మా, ఇంకా తిప్పు, అని అత్తయ్య కింద కూర్చుని తన చేత్తోనే తల్లి పాదాన్ని బయటికి తీసింది.

ఆవేళ సాయంత్రమైనా ఇద్దరిలో ఒకరు చెప్పి ఉండాల్సింది. తమ్ముడి ముందు భర్త పరువు తియ్యలేక అత్తయ్య ఊరుకుంది. తమ్ముణ్ణి పక్కకి పిలిచి, అమ్మని ముందు సీట్లోనే కూర్చోబెట్టమని మాత్రం మావయ్య చెప్పాడు. ఎందుకు బావా అంటే, ముందు గాలి బాగా వస్తుందన్నాడు. డయాలిసిస్ అయ్యాక అమ్మకి కళ్ళు తిరుగుతాయనీ, వెనకైతే తన భార్య పక్కన కూర్చుని ఒళ్ళో తల పెట్టుకుంటుందనీ అతను చెప్పాడు. మావయ్య సరేనన్నాడు.

రెండు నెలలు ఏమీ కాలేదు. ఆ తర్వాత ఒక బుధవారం, డయాలిసిస్ అయి ఇంటికొచ్చి దిగుతుంటే, పెద్దావిడ పాదం తలుపు చట్రంలో ఇరుక్కుంది. తల వంచి ఉంది కాబట్టి ఆవిడకి కనపడలేదు. పక్కనున్న కోడలు రెండో తలుపులోంచి దిగి చుట్టూ తిరిగి వస్తోంది. కొడుకు మందుల సంచీ కోసం డిక్కీ తీస్తున్నాడు. ఆవిడ ముందుకి అడుగేశాననుకుంది. పక్కకి పడిపోయింది. తుంటి ఎముక విరిగింది.

ఆ ఒంటికి ఆపరేషను చెయ్యడానికి డాక్టర్లు వెనకాడారు. మావయ్యా, అత్తయ్యా మొదటి బస్సు పట్టుకుని వెళ్ళారు. ఆస్పత్రి వరండాలో, గోడకి వరసగా బిగించిన ప్లాస్టిక్ కుర్చీల్లో బావమరిది కూర్చుని ఉన్నాడు. జరిగింది చెప్పాడు. అతనికి ఎవరిమీదా కోపం లేదు, తన ఏమరుపాటేనని తనని తనే తిట్టుకుంటున్నాడు. అది వినలేక అత్తయ్య నోరు విప్పింది. నాకూ ఆ బండిలో పాదం ఇరుక్కుందిరా, మీ బావ పట్టుకున్నారు కాబట్టి పడలేదు, అని చెప్పింది. ఆవిడ కావాలని చెప్పింది కాదు, ఆ క్షణానికి ఆగలేకపోయింది.

బావమరిదికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అక్కనీ, బావనీ మార్చి మార్చి చూశాడు. తర్వాత చాలా మెల్లగా అడిగాడు. "నేను ఫోను చేశాను కదా బావా?"

అది నేను రాసింది కాదు, పత్రికవాళ్ళు మార్చారు అన్నాడు మావయ్య. అన్నాక, ఆ మాట ఆ వరండాలో ఎంత చవగ్గా వినపడిందో తనకే తెలిసిందట. బావమరిది లేచి లోపలికి వెళ్ళిపోయాడు. ఆ రోజునించి అక్కతోనే మాట్లాడేవాడు.

మర్నాడే మావయ్య ఆస్పత్రి వరండాలోనే కూర్చుని శీర్షిక రాశాడు. చిలకాకుపచ్చ బండి గురించి తన పేరుతో వచ్చింది తన మాట కాదని, రెండో పేజీలో ఏముండేదో, ఎవరు తీశారో, తాను ఎందుకు ఊరుకున్నాడో, తన ఇంట్లో ఏం జరిగిందో అన్నీ రాశాడు. నేను కళ్ళు తుడుచుకుంటూ టైపు చేసి ఎడిటరుకి ఇచ్చాను. ఎడిటరు చదివి నిజంగానే బాధపడ్డాడు. మావయ్యని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, ఇది మాత్రం అచ్చువెయ్యలేమన్నాడు. మావయ్య అయితే ఇక నేను రాయనన్నాడు. మీ ఇష్టం అన్నాడు ఎడిటరు.

మీ ఇష్టం అంటే శీర్షిక ఆగిపోతుందని మావయ్య అనుకున్నాడు. ఆగలేదు. టేపు మావయ్య అన్న పేరూ, ఆ మీసాల బొమ్మా పత్రికవని ఏనాడో ఆయన సంతకం పెట్టిన కాగితంలో ఉందట. ఆయన దాన్ని చదవనేలేదు. ఆ ఆదివారం కూడా శీర్షిక వచ్చింది. అత్తయ్య ఎక్కింది, అత్తయ్య దిగింది. రాసింది నేను. కాదంటే ఇంకొకరు రాస్తారని నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పటికీ రాస్తున్నాను.

పెద్దావిడ మంచం దిగలేదు. ఏడు నెలలు బతికింది. వారానికి మూడుసార్లు అంబులెన్సులో వెళ్ళొచ్చేది. అత్తయ్య వెళ్ళి అక్కడే ఉండి సేవ చేసింది. మావయ్య ఆదివారాలు వెళ్ళి, గుమ్మం బయట వరండాలో కూర్చుని వచ్చేవాడు. పెద్దావిడకి విషయం తెలియదు. అల్లుడు లోపలికి రాడేమిటే అని కూతుర్ని అడిగేదట. ఆయనకి జలుబు, నీకు అంటుకుంటుందని అత్తయ్య చెప్పేది. ఏడు నెలలూ జలుబే.

ఆయన ఇప్పుడు పాత కార్లు కొనేవాళ్ళకి ముందుగా బండి చూసిపెట్టే పని చేస్తాడు. నేను అప్పుడప్పుడూ వెళ్తాను. ఎందుకు రానిస్తున్నాడో నాకు తెలియదు. ఓసారి పక్కనున్న కస్టమరు, మీరు అచ్చం టేపు మావయ్యలా మాట్లాడుతున్నారే, ఆయన శీర్షిక చదువుతారా అన్నాడు. నేను తల దించుకున్నాను. ఆయన మాత్రం మామూలుగా, అప్పుడప్పుడూ అన్నాడు.

కిందటి నెల వెళ్ళినప్పుడు, బావమరిది బండి అమ్మకానికి పెట్టిన సంగతి మావయ్య చెప్పాడు. అమ్మ పోయాక ఆ బండి ఎక్కబుద్ధి కాక అతను దాన్ని ఇంటిపక్కన అలాగే వదిలేశాడు. ఎండకి రంగు వెలిసింది. కొనేవాళ్ళు వచ్చి పోతున్నారు గానీ కుదరడం లేదు. ఒక బేరం మాత్రం ఖాయమయ్యేలా ఉంది. వాళ్ళు చూడ్డానికొచ్చే రోజున కాస్త బావని రమ్మను అక్కా, ఆయన మాటంటే ఎవరైనా నమ్ముతారు, అని తమ్ముడు అన్నాడు. ఏడాదిన్నర తర్వాత అతను బావ అన్న మాట నోటితో అనడం అదే. అత్తయ్య ఆశపడింది. మావయ్య కూడా ఆశపడ్డాడు. ఉతికిన చొక్కా వేసుకుని అత్తయ్యతో కలిసి వెళ్ళాడు.

కొనడానికి వచ్చినవాడు బడిలో పంతులు. మంచి మర్యాదస్తుడు. బండి చుట్టూ తిరిగాడు, నడిపి చూశాడు, చాలా నచ్చింది. మావయ్య బానెట్ ఎత్తి, ఇంజను శుభ్రంగా ఉంది, గేరు బాగుంది, బ్రేకులకి ఢోకా లేదని చెప్పాడు. అన్నీ నిజాలే. బావమరిది పక్కన నిలబడి తలూపుతున్నాడు. ఒకసారి బావ వంక చూసి నవ్వబోయాడు కూడా. అప్పుడు పంతులు, మా నాన్నగారికి పక్షవాతం వచ్చి ఒక కాలు ఈడుస్తారండీ, ఆయన వెనక కూర్చుంటారు, ఇబ్బందేం లేదు కదా అని అడిగాడు.

మావయ్య బావమరిది వైపు చూడలేదట. చూస్తే చెప్పలేనని తెలుసు. పంతుల్ని వెనక తలుపు దగ్గరికి తీసుకెళ్ళి, హ్యాండిలు ఎక్కడుందో చూపించాడు, తల ఎంత వంచాలో చూపించాడు, కింద ఇరుకు చూపించాడు. పాదం ఇక్కడ ఇరుక్కుంటుందండీ, మీ నాన్నగారిని దీంట్లో ఎక్కించకండి, అన్నాడు. పంతులు రెండు చేతులూ పట్టుకుని కృతజ్ఞతలు చెప్పి వెళ్ళిపోయాడు.

బావమరిది అక్కడే నిలబడి ఉన్నాడు. బండి తలుపు ఇంకా తెరిచే ఉంది. అతను దాన్ని మెల్లగా మూసి అన్నాడు, "ఇంత బాగా చెప్పడం వచ్చా బావా నీకు? ఎవడో దారినపోయేవాడి నాన్నకి చెప్పావు. మా అమ్మకి చెప్పలేకపోయావు."

అత్తయ్య వరండాలోంచి అంతా విన్నది. లోపలికి వెళ్ళి తన సంచీ తెచ్చుకుని, తమ్ముడి తలమీద చెయ్యి వేసి, పోయొస్తానురా అంది. బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. రెండు గంటలూ ఆవిడ కిటికీలోంచే చూసింది.

ఇదంతా ఒక పాత కారు టైరు పక్కన గొంతుక్కూర్చుని, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ చెప్పాడు. "వాడన్నదాంట్లో తప్పేముంది, చెప్పు" అని నన్నడిగాడు. బండిని ఆ పంతులు కాదంటే ఇంకొకరు కొన్నారట, ఎవరో ఆయనకి తెలియదు, వాళ్ళింట్లో ఎవరెవరున్నారో కూడా తెలియదు. ఆ బేరం రోజున ఆయన్ని పిలవలేదు.